చేతులు వదలమన్న చీటీ

లాల్‌దర్వాజా గుడి వెనక సందులో 'మున్నీ లేడీస్ టైలర్' అన్న బోర్డు చూసినవాళ్ళు లోపల ఎవరో చిన్నపిల్ల కూర్చుని ఉంటుందనుకుంటారు. మున్నీకి నలభై రెండేళ్ళు. అసలు పేరు మణెమ్మ. పుట్టినప్పుడు పక్కింటి ఖాలా 'చిట్టితల్లి' అన్నట్టు ఉర్దూలో ముద్దుగా పిలిచిన పేరు ఆధార్ కార్డు మీద తప్ప అన్నిచోట్లా నిలిచిపోయింది. పద్నాలుగేళ్ళుగా అద్దె ఇంటి ముందు గదే ఆమె దుకాణం. ఒక కుట్టుమిషను, ఒక ఓవర్‌లాక్ మిషను, గోడకు నిలువుటద్దం, దాని పక్కన పూల తెర. భర్త నగేష్ కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొద్దున బస్సెక్కి పోతే మళ్ళీ సాయంత్రమే రాక.

మున్నీకి ఒక విద్య ఉంది. ఏ బట్టనైనా లోపలి వైపు తిప్పి చూస్తే చాలు, కుట్టినవాళ్ళు నిదానస్తులా తొందరమనుషులా, చేయి ధారాళమా పిసినారితనమా చెప్పేస్తుంది. తెలుగు ఆడవాళ్ళతో తెలుగు, శాలిబండ వైపు నుంచి వచ్చేవాళ్ళతో ఉర్దూ మాట్లాడుతుంది. పదో తరగతి దాకా చదివిన ఇంగ్లీషుతో ఆమెకు ఎప్పుడూ పనిపడలేదు. ఫిట్టింగు, లూజు, పైపింగు, ట్రయలు, ఈ మాటలు రోజూ నోట్లో నానుతున్నా అవి ఇంగ్లీషని ఆమెకు తోచనే లేదు.

ఆ ఏడు ఆషాఢం ముందు, బోనాల జాకెట్లు గుట్టపడుతున్న రోజుల్లో, ఒక శనివారం మధ్యాహ్నం పుష్పమ్మ ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. పుష్పమ్మ అదే సందులో ఉంటుంది, కంచన్‌బాగ్‌లో ఒక ల్యాబు క్యాంటీనులో వంట చేస్తుంది. ఆ అమ్మాయి అదే ల్యాబులో కొత్తగా చేరిన ఇంజినీరు. పేరు బాన్రి. ఊరు షిల్లాంగ్. తెలుగు ఒక్క ముక్క రాదు, హిందీ అంతంతమాత్రం. ఆమె మాట్లాడేదంతా ఇంగ్లీషే, అదీ వాన జల్లులా గబగబా.

బాన్రి చేతిలో కవరు, కవర్లో వంకాయ రంగు పొడుగు గౌను. సందు మొదట్లో క్యాబు ఆపి వచ్చారు, వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. కొలతలు తీసుకుంటానని మున్నీ టేపు అందుకునేలోపే ఆ అమ్మాయి కవర్లో ఒక చీటీ పెట్టి, దాన్ని వేలితో తట్టి చూపించి, నవ్వి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. పుష్పమ్మ మాత్రం గడపలో ఒక్క క్షణం ఆగి, వచ్చే శనివారం ఈమె దోస్తు పెళ్ళి ఉందనీ, గురువారం సాయంత్రం ట్రయలుకు వస్తుందనీ చెప్పింది. చీటీలో ఏముందో చదవడానికి పైన డానియేలు సారు ఉన్నాడు కదా, ఇంక ఫికర్ ఏంది అని కూడా అంది.

ఆ మాట నిజమే. మేడ మీద గదుల్లో ఉండే డానియేలు ఒక ప్రభుత్వ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయినవాడు. సందులో ఎవరికి కరెంటు ఆఫీసుకు అర్జీ రాయాలన్నా, బడికి సెలవు చీటీ రాయాలన్నా ఆయన దగ్గరికే పోతారు. ఇస్త్రీ చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టాడంటే ఆ కాగితం పని అయి తీరుతుందని సందులో అందరికీ నమ్మకం. మున్నీకి కూడా.

ఆమె గౌనూ చీటీ పట్టుకుని మేడెక్కింది. డానియేలు చీటీని వెలుతురుకు పట్టి చదివాడు.

మొదటి వాక్యం 'టేక్ ఇన్ ద వెయిస్ట్'. నడుము దగ్గర లోపలికి తీసుకోమంటున్నది, ఒక ఇంచి, అన్నాడు ఆయన. మున్నీకి అర్థమైంది. తన భాషలో అది నడుము పట్టడం.

రెండోది 'లెట్ డౌన్ ద హెమ్'. ఇక్కడ ఆయన కొంచెం ఆగాడు. ఎందుకైనా మంచిదని మున్నీ ఫోన్లో తర్జుమా చేసి చూసింది. 'అంచును నిరాశపరచండి' అని వచ్చింది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. డౌన్ అంటే కింద కదా, అంచు కిందికి దించమని ఉంటుందని ఆయనే తేల్చాడు.

మూడోది 'లెట్ ఔట్ ద స్లీవ్స్'.

"లెట్ ఔట్ అంటే విడుదల," అన్నాడు డానియేలు. "జైల్ల నుంచి మనిషిని లెట్ ఔట్ చేస్తరు సూడు. ఇడిసిపెట్టుడు. అంటే చేతులు తీసెయ్యమంటున్నది బిడ్డా."

"చేతుల్లేకుండనా సారూ?"

"ఔట్ అన్నంక ఇంకేముంది? గిప్పటి పిల్లలు గట్లనే తొడుగుతరు."

చివరి వాక్యంలో గురువారం 'డ్రాప్ బై' అని ఉంది. ఎవరో ఆ పిల్లను బండి మీద డ్రాప్ చేస్తారట అని చెప్పి ఆయన చీటీ మడిచి ఇచ్చాడు.

సోమవారం జాకెట్లు కొంచెం తెరిపి ఇచ్చాక మున్నీ గౌను ముందేసుకుంది. అలవాటు ప్రకారం ముందు లోపలి వైపు తిప్పింది. తిప్పగానే మనసు నిండిపోయింది. ఎక్కడా ఒక దారప్పోగు వేలాడటం లేదు. అంచు మడతలో నాలుగు వేళ్ళ బట్ట దాచి ఉంది. చేతుల్లో, చంక నుంచి మోచేతి దాకా, రెండు వేళ్ళ వెడల్పున బట్ట లోపలికి మడిచి చేత్తో టాకాలు వేసి ఉంది. బట్ట పాతది, ముప్పై ఏళ్ళదైనా ఉంటుంది. కుట్టినవాళ్ళు బజారు టైలరు కాదు. ఇది తొడుక్కునే మనిషి రేపు మారుతుందని, ఆ రేపటి కోసం బట్ట మిగిల్చి పెట్టిన మనిషి.

నడుము పట్టింది. అంచు దించింది. చేతుల దగ్గరికి వచ్చేసరికి ఆమెకు బ్లేడు ఆడలేదు. ఇంత బట్ట లోపల ఉంచుకున్న చేతులను తీసెయ్యమనడమేమిటి? చీటీ కింద రాసి ఉన్న నంబరుకు ఫోను చేసింది. బాన్రి ఫోను స్విచాఫ్. ల్యాబు లోపలికి ఫోన్లు పోనివ్వరని పుష్పమ్మ ఎప్పుడో చెప్పింది. సాయంత్రం చేద్దామనుకుంది గానీ, ఫోన్లో ఇంగ్లీషులో ఏమని అడగాలో తేలక ఫోను మళ్ళీ మిషను మీద పెట్టేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంగ్లీషు రాసినాయన చెప్పాడు, పదో తరగతిదాన్ని నేనెంత అనుకుంది. ఒక్కొక్క కుట్టే తెంపి, బట్టకు గాటు పడకుండా రెండు చేతులూ విప్పింది. భుజం దగ్గర సన్నని పట్టీ వేసి మూసింది. విప్పిన చేతులను ఇస్త్రీ చేసి, పిన్నుతో కలిపి, కవర్లో పెట్టి అల్మారాలో దాచింది. గుడ్డ ముక్కయినా పారేసే అలవాటు ఆమెకు లేదు.

గురువారం ఆరు దాటాక బాన్రి వచ్చింది. ఒక్కతే వచ్చింది, ఎవరూ డ్రాప్ చెయ్యలేదు. డానియేలు అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తను చదివి పెట్టిన పని ఎలా వచ్చిందో చూడాలని ఆయనకు సరదా.

మున్నీ గౌను హ్యాంగరుకు తగిలించి చూపించింది. బాన్రి నవ్వుతూ దగ్గరికి వచ్చింది. నవ్వు ఆగిపోయింది. భుజం దగ్గర వేళ్ళు పెట్టి తడిమింది, లోపలికి చూసింది, మళ్ళీ మున్నీ వైపు చూసింది.

"స్లీవ్స్?"

మున్నీ చీటీ తెరిచి మూడో వాక్యం మీద వేలు పెట్టింది. బాన్రి తన రాత తనే చదువుకుంది. ఎక్కడ పొరపాటు జరిగిందో అర్థమైనట్టుంది, నుదురు పట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయింది. కేకలు వేయలేదు. కేకలు వేసినా బాగుండేదేమో అనిపించింది మున్నీకి. ఆ పిల్ల గౌను ఒళ్ళో పెట్టుకుని, "మై మదర్ మేడ్ ఇట్," అంది.

ఆ మాటకు ఎవరూ తర్జుమా చెప్పనక్కర్లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. డానియేలు లేచి మేడ మీదికి వెళ్ళిపోయాడు.

మున్నీ అల్మారా తెరిచి కవరు తీసింది. పిన్ను విప్పి రెండు చేతులనూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఒక్క గాటు లేదు, ఒక్క పోగు లేవలేదు. బాన్రి గుండెల మీద చేయి వేసుకుని ఊపిరి వదిలింది. అప్పుడు లేచి వచ్చి, చేతి లోపలి మడతను, ఆ రెండు వేళ్ళ బట్టను, గోటితో చూపించింది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి ఆనించి, మెల్లగా దూరం జరిపింది. "లెట్ ఔట్," అంది.

మున్నీ ఆ వేళ్ళ వైపు చూసింది. మూడు రోజుల నుంచి ఆమె చేతులకు తెలిసిందే అది.

"వదులు," అంది తెలుగులో. "లోపలి బట్ట వదులు. లూజు."

"వదులు," అంది బాన్రి.

ఇప్పుడు మున్నీ గౌను నడుము దగ్గర బట్టను రెండు వేళ్ళతో నొక్కి, కనుబొమ్మలెత్తి, ఇది? అన్నట్టు చూసింది. "టేక్ ఇన్," అంది బాన్రి. "పట్టు," అంది మున్నీ. ఆ పిల్ల ముఖం విచ్చుకుంది. ఆ మాట ఆమె ఇదివరకు ఎక్కడో విన్నది. ఇంటి ఓనరమ్మ జలుబు పట్టింది అంటుంది, ఆటో ఆయన టైం పడతది అంటాడు, ఆఫీసులో ఒకరు పట్టుకోండి అని ఫైలు చేతికిస్తారు. ఇన్నిటికీ ఒక్క మాటేనా అని వచ్చీరాని హిందీలో అడిగింది.

మున్నీ చెప్పబోయి, చిక్కులో పడింది. ఇన్నాళ్ళూ గాలి పీల్చినట్టు మాట్లాడిన మాట. బస్సు పట్టుకున్నా పట్టే, పిల్లికి పాలు పట్టినా పట్టే, నిద్ర పట్టినా పట్టే. అంతెందుకు, తను ఈ గౌనుకు నడుము పట్టింది. నిన్న పొద్దంతా మిషను మీద వంగి కూర్చుంటే తనకూ నడుము పట్టింది. అదే మాట, అదే నడుము. ఒకటి పని, ఒకటి నొప్పి. నడుం మీద చేయి వేసుకుని మూలుగుతూ నటించి చూపిస్తే బాన్రి పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో గదిలో బరువంతా దిగిపోయింది.

అప్పుడు కొలతలు తీసుకుంది మున్నీ, మొదటి రోజే చేయవలసిన పని. అమ్మ అప్పట్లో తన కోసం కుట్టుకున్న గౌనట అది. ఆ పిల్ల చేతులు అమ్మ చేతుల కన్నా బొద్దుగా ఉన్నట్టున్నాయి. పెళ్ళి శనివారం. రేపు మధ్యాహ్నానికి అయిపోతుందని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించింది.

శుక్రవారం పొద్దున మిగతా పనంతా పక్కన పెట్టి కూర్చుంది. చేతుల లోపలి టాకాలు విప్పి బట్ట వదిలింది. ముప్పై ఏళ్ళు మడతలో ఉన్న చోట రంగు ముదురుగా, కొత్తగా ఉంది. ఆ గీత చంక కిందికి వెళ్ళేట్టు తిప్పి అమర్చింది. పాత సూది రంధ్రాల మీద తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టి, గోటితో రుద్దితే పోగులు దగ్గరికి వచ్చాయి. భుజానికి వేసిన పట్టీ తీసేసి చేతులు ఎక్కించింది. అరవేలు వెడల్పు బట్ట మాత్రం లోపలే ఉంచి, ఆ అమ్మ వేసినట్టే చేత్తో టాకాలు వేసింది. ఎప్పుడూ చూడని మనిషి పక్కన కూర్చుని కుట్టినట్టనిపించింది ఆమెకు.

శనివారం రాత్రి ఫోనుకు ఫోటో వచ్చింది. పెళ్ళికూతురి పక్కన వంకాయ రంగు గౌనులో బాన్రి, రెండు చేతులూ పైకెత్తి. నగేష్ చూసి, "గీ పిల్లవేనా చేతులు పోయినాయన్నది?" అన్నాడు. మున్నీ ఆ ఫోటో నాలుగుసార్లు చూసుకుంది.

డానియేలు మాత్రం మూడు రోజులుగా కిందికి దిగలేదు. పాలప్యాకెట్ల కోసం కూడా తాడుకు సంచి కట్టి వదులుతున్నాడు. ఆదివారం ఆయన చర్చికి కూడా పోకపోయేసరికి మున్నీ గిన్నెలో సేమ్యా పాయసం పట్టుకుని మేడెక్కింది. ఆయన తలుపు తీసి, కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఫోటో సూడుండ్రి సారూ. మంచిగున్నది."

చూశాడు. ఫోను తిరిగి ఇచ్చేశాడు. ఆమెకు కుర్చీ జరిపాడు.

"నీకొక మాట చెప్తా మున్నీ. ఎవ్వరికి చెప్పలే. నాకు వచ్చింది ఫైలు ఇంగ్లీషు. విత్ రెఫరెన్స్ టు యువర్ లెటర్ అంటే ఏ తారీకుదైనా ఎతికి తీస్తుంటి. కానీ కొత్తగొచ్చిన చిన్న ఆఫీసర్లు నోటితోని మాట్లాడుతుంటే సగం సమజ్ కాకపోయేది. మీటింగ్ పుట్ ఆఫ్ చెయ్యమన్నడు ఒకాయన. పుట్ తెలుసు, ఆఫ్ తెలుసు. రెండు కలిస్తే వాయిదా అని తెల్వది. మీటింగ్ హాల్ల లైట్లు, ఫ్యాన్లు బంద్ చేసి వచ్చిన."

మున్నీ నవ్వాపుకుంది. ఆయనే నవ్వేసరికి తనూ నవ్వింది.

"మరి అడగకపోతిరా?"

"డానియేలు గారికి ఇంగ్లీషు మస్తు వస్తదని అందరు అంటుంటే ఎట్ల అడుగుదు? తలూపిన. ముప్పై ఒక్క ఏండ్లు తలూపిన."

ఆ ముసలాయన మీద ఆమెకు అప్పటిదాకా ఉన్న కాస్త చిరాకూ పోయింది. తప్పు తనది కూడా ఉందని చెప్పింది. చేతికి తెలిసిన సంగతిని పక్కన పెట్టి కాగితాన్ని నమ్మానంది. ఆ తరువాత పట్టు సంగతంతా చెప్పింది. బాన్రి అడగడం, తను నడుము పట్టుకుని మూలగడం అంతా. డానియేలు చెంచా గిన్నెలో వదిలేసి వింటున్నాడు.

"అంటే మనకు కూడ ఉన్నయన్నట్టు గా మాటలు," అన్నాడు.

"ఎందుకు లేవు? మీరు మొన్న కోపంల లేసి పోయిండ్రు. గది లేసుడా, పోవుడా? రెండు కలిస్తే ఇంకోటి."

"కోపం గాదు, సిగ్గు," అన్నాడాయన. పాయసం అంతా తిని గిన్నె కడిగి ఇచ్చాడు.

ఆ వారం గురువారం బాన్రి మళ్ళీ వచ్చింది. ఈసారి నీలం కాటన్ బట్ట తెచ్చింది. పక్కన కూర్చుని నిదానంగా, 'రన్ అప్' అని ఒక మాట వాడింది. పైకి పరుగెత్తడమా అని మున్నీ మెట్ల వైపు చూసింది. బాన్రి మిషను తొక్కుతున్నట్టు కాలు ఆడించి, బట్ట ముందుకు తోసి, చిటికె వేసింది. ఓహో, గబగబా ఒక గౌను కుట్టిపారెయ్యమంటోంది. కుట్టిపారెయ్యడం అంటే కుట్టి పారేయడం కాదని మళ్ళీ ఆ పిల్లకు చెప్పవలసి వచ్చింది. డానియేలు ఒక పాత డైరీ పట్టుకుని మెట్లు దిగి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

అలా గురువారం సాయంత్రాలు ముగ్గురూ కూర్చోవడం అలవాటైంది. బాన్రి ల్యాబు నుంచి నేరుగా వచ్చేది. సందు చివరి హోటల్ నుంచి ఉస్మానియా బిస్కెట్లు ఎవరో ఒకరు తెచ్చేవారు. ఇది క్లాసు అని ఎవరూ అనలేదు. మున్నీ హుక్కులు కుడుతూనే ఉండేది, నోరు మాత్రం మాట్లాడేది. డానియేలు డైరీలో రాసుకునే తీరు చూస్తే మున్నీకి నవ్వొచ్చేది. మాట ఒక పక్క, ఇంకో పక్క అర్థం రాయకుండా, ఎవరు ఏం చేస్తూ ఆ మాట అన్నారో రాసేవాడు. 'గివ్ అప్: మున్నీ సూదిలో దారం ఎక్కక నా చేతికిచ్చినప్పుడు.' 'రన్ ఔట్: చాయ్‌పత్తా అయిపోయినప్పుడు.' అర్థాలు రాసుకునే తను చెడిపోయానని ఆయన వాదం. ఈ మాటలు మనుషుల లాంటివి, ఇంటి దగ్గర ఒక తీరు, బయట ఒక తీరు, పక్కన ఎవరున్నారో చూస్తేగానీ తెలియవు అనేవాడు.

అన్నీ కుదిరేవని కాదు. ఒక రోజు మున్నీ బాన్రికి చెమటలు చూసి గొప్పగా 'టర్న్ ఔట్ ద ఫ్యాన్' అంది. బాన్రి ఫ్యాన్ వైపు, గుమ్మం వైపు చూసి, ఫ్యానును ఇంట్లోంచి వెళ్ళగొడుతున్నావా అని అడిగింది. ఇంకో రోజు బాన్రి పుష్పమ్మతో, నాకు ఇంకొంచెం అన్నం పెట్టు అనబోయి, అన్నం మస్తుగుంది నన్ను పెట్టెయ్ అంది. పుష్పమ్మ ఆ మాట సందంతా చెప్పుకుని నవ్వింది. నవ్వుల పాలైనా ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. మున్నీ ఇప్పుడు ల్యాబు వైపు నుంచి వచ్చే ఇంకో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళకు కుడుతోంది. అర్థం కాకపోతే ఆమె తలూపదు. బట్ట చేతికిచ్చి, చూపించమంటుంది.

బోనాలు అయిపోయి సందులో రద్దీ తగ్గిన ఒక ఆదివారం పొద్దున బాన్రి వచ్చి, అమ్మ మాట్లాడతానంటోందని ఫోను అద్దానికి ఆనించి నిలబెట్టింది. తెర మీద ఒక గుండ్రటి ముఖం, నెరసిన జుట్టు, వెనక కిటికీలో మబ్బు. ఆవిడకు వచ్చినది ఆవిడ భాషా, కాస్త ఇంగ్లీషూ. మున్నీ జుట్టు సవరించుకుని, కొంగు సర్దుకుని, అద్దం ముందు కొత్త కోడలిలా నిలబడింది. డానియేలు వెనక నుంచి ధైర్యం చెబుతున్నాడు.

ఆవిడ చాలా సంతోషంగా ఏదో అంటూ కూతురి వైపు చూపించి తల అడ్డంగా ఆడించింది. మాటల మధ్య 'షి హాజ్ ఫిల్డ్ ఔట్' అన్నది మాత్రం స్పష్టంగా వినబడింది.

డానియేలు ఠక్కున అందుకున్నాడు. "ఫారం నింపిందంటున్నది. ట్రాన్స్‌ఫర్‌ది కావచ్చు."

బాన్రి అప్పుడే వెళ్ళిపోతుందా అని మున్నీకి ఒక్క క్షణం గుండె జారింది. కానీ ఆమె మాటలను వదిలి తెరలోని మనిషిని చూసింది. ఆవిడ రెండు చేతులూ బుగ్గల దగ్గర పెట్టి, ఆ తరువాత నడుము దగ్గర పెట్టి, కొంచెం కొంచెంగా బయటికి జరుపుతోంది. పక్కన బాన్రి సిగ్గుతో ముఖం తిప్పుకుంటోంది. ఆ పిల్ల చేతిలో మూడో ఉస్మానియా బిస్కెట్టు ఉంది.

"ఫారం గాదు సారూ," అంది మున్నీ. "ఒళ్ళు చేసిందంటున్నది. మన హైదరాబాదు తిండికి."

డానియేలు డైరీ అందుకున్నాడు. మున్నీ ఫోను దగ్గరికి జరిగింది. ఈసారి వెనక్కి తగ్గలేదు. వేళ్ళు రెండూ కలిపి, విడదీసి చూపిస్తూ, ఒక్కొక్క మాటే పేర్చుకుని అంది.

"డోంట్ వర్రీ అమ్మా. ఐ విల్ లెట్ ఇట్ ఔట్."

షిల్లాంగ్‌లో ఆవిడ చప్పట్లు కొట్టింది. తరువాత తన పక్కన బల్ల మీద ఉన్న ఏదో బట్ట తీసి, లోపలి వైపు తిప్పి, కెమెరాకు దగ్గరగా పెట్టింది. మున్నీ కళ్ళు చికిలించి ఆ కుట్లు చూసింది. ఇక ఇద్దరికీ ఇంగ్లీషుతో పనిలేకపోయింది. ఆవిడ తన భాషలో ఏదో చెబుతోంది, మున్నీ తెలుగులో అడుగుతోంది, ఇద్దరి వేళ్ళూ ఆ బట్ట మీదే తిరుగుతున్నాయి. మధ్యలో మాట కలపబోయిన డానియేలును బాన్రి పక్కకు పిలిచి ఒక బిస్కెట్టు చేతిలో పెట్టింది.